సంగటి ఒకటే, ఆయుష్షు ఒకటి కాదు

అనంతపురం, జనవరి 19

సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులైనా అనంతపురంలో ఏ ఇంటి గడప తొక్కినా పళ్లెంలో రెండు ఓళిగలు పడుతూనే ఉన్నాయి. మా తమ్ముడు కారు తీసుకుని వచ్చాడు. ఉమ్మడి అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల పల్లెల్లో బాగా పెద్ద వయసు వాళ్లను కలవాలని, ఒకచోట ముసలివాళ్లు ఎక్కువగా ఎందుకుంటారో, పక్కనే ఇంకోచోట ఎందుకుండరో అడిగి చూడాలని వాడికి ముందే చెప్పాను. "దానికి ఇంత దూరం తిరగాల్నా అక్కా? సంగటి తిన్నోళ్లు ఉంటారు, తిననోళ్లు పోతారు," అన్నాడు. మా బంధువుల్లో అందరి నమ్మకం అదే. మా జేజి తొంభై దాటి బతికింది. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం సంగటి, రాత్రికి మళ్లీ సంగటి. అందుకే అంతకాలం ఉందని మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పాతూరులో ఉగ్గాని తిన్నాం. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తిరగమాతలో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ప్లేటు 50 రూపాయలు. తిన్నాక మంచినీళ్లు అడిగితే హోటలాయన ముందు చెంబు కడిగి, తర్వాత నీళ్లు పోసి ఇచ్చాడు. ఆ మర్యాద పల్లెలదే, టౌన్లో ఇంకా మిగిలి ఉంది.

తిండి మీద ఇలాంటి నమ్మకం మనకే కాదు, ప్రపంచమంతా ఉంది. ఇటలీలోని సార్డీనియా దీవిలో నూరేళ్లు దాటినవాళ్లు ఎక్కువగా ఉన్న కొండ ఊళ్ల గురించి మిషెల్ పూలాఁ, జాన్ని పెస్ అనే పరిశోధకులు, వాళ్ల తోటివాళ్లు 2004లో ఒక వ్యాసం అచ్చు వేశారు. 'బ్లూ జోన్' అనే మాట అక్కడిదే. తర్వాత డాన్ బ్యూట్నర్ అనే అమెరికా రచయిత జపాన్‌లోని ఒకినావా, కోస్టారికాలోని నికోయా, గ్రీసులోని ఇకారియా, కాలిఫోర్నియాలోని లోమా లిండా కలిపి ఐదు ప్రాంతాల జాబితా చేశాడు. ఒకచోట చిలగడదుంప, ఇంకోచోట మొక్కజొన్న, చిక్కుళ్లు. లోమా లిండాలో సిగరెట్టు, మందు ముట్టని అడ్వెంటిస్టు క్రైస్తవులు. ఆ ఊళ్ల గురించి మన వరకు వచ్చినవి ఎక్కువగా తిండి పట్టికలే. నేను కూడా రాగుల్ని మనసులో పెట్టుకునే బయల్దేరాను.

కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె, జనవరి 20

ఈ ఊళ్లో నూరేళ్ల అబ్బ ఉన్నాడని రోడ్డు మీదే చెప్పారు. వెళ్లేసరికి ఆయన మేకలకు వేపమండలు కోస్తున్నాడు. నేల మీద కూర్చున్న మనిషి చెయ్యి ఆనించకుండా పైకి లేచాడు. మా తమ్ముడు అది చూసి నా వైపు చూశాడు.

"నూరేండ్లు అంటాండారు. నాకేం తెల్సు పాపా. కార్డులో ఏముందో సూడు," అని ఆధార్ తెప్పించాడు. పుట్టిన తేదీ 01-01-1934. అంటే 92. ఇంతలో ఆయన తమ్ముడు వచ్చాడు. ఆయన కార్డులో కూడా 01-01-1934. అన్నకూ తమ్ముడికీ నాలుగేండ్లు తేడా ఉందని ఇద్దరూ అంటారు. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు కార్డు తీసేటప్పుడు ఏదో ఒక సంవత్సరం అనుకుని జనవరి 1 వేయడం పల్లెల్లో మామూలే.

అప్పుడు ఇంకో దారి పట్టాం. జనాభా లెక్కల వాళ్లు కూడా చేసే పనే ఇది: ఊరికి గుర్తున్న పెద్ద సంగతుల పక్కన మనిషి వయసును నిలబెట్టి చూడటం. 1950ల మొదట్లో సీమలో కరువు వచ్చి గంజి కేంద్రాలు పెట్టారు. "ఆ గంజి కాడ నేను నిలబడినా. మా నాయన పక్కన సట్టి పట్టుకొని. గొర్లు కాసే ఈడు నాది," అన్నాడు అబ్బ. గొర్లు కాసే ఈడంటే పది, పన్నెండు. ఆ లెక్కన ఆయనకు ఇప్పుడు ఎనభై ఐదు అటూ ఇటూ. ఊరి మాటలో నూరు, కార్డులో తొంభై రెండు, కరువు లెక్కలో ఎనభై ఐదు.

ఇది చిన్న విషయం కాదు. సాల్ జస్టిన్ న్యూమన్ అనే పరిశోధకుడు నూరేళ్లు దాటినవాళ్ల లెక్కలన్నీ తిరగేసి, పుట్టుక పత్రాలు సరిగ్గా లేనిచోట, పేదరికం ఎక్కువున్నచోట అలాంటివాళ్లు ఎక్కువగా కనబడుతున్నారని చూపించాడు. ఆ పనికి 2024లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. జపాన్‌లో 2010లో వెతికితే కాగితాల మీద నూరేళ్లు దాటి ఉన్నవాళ్లలో 2,30,000 మందికి పైగా ఆచూకీ లేదు. చాలామంది ఎప్పుడో పోయారు, కాగితం మీద పేరు మాత్రం కొట్టేయలేదు. బ్లూ జోన్ పరిశోధకులు తాము వయసులు సరిచూసుకున్నామనే అంటున్నారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. నా మటుకు నేను ఆ తర్వాత ఏ ఊళ్లోనూ వయసు ఎంతని నేరుగా అడగలేదు. పెండ్లి ఏ కరువులో అయింది, మొదటి బిడ్డ పుట్టినప్పుడు ఊరికి కరెంటు ఉందా అని అడిగాను.

ఆయన కోడలు సంగటి చేసింది. ఉడుకుతున్న నూకల మీద రాగిపిండి పోసి మూత పెట్టి, కాసేపటికి గిన్నె గోనెపట్ట మీదికి దించింది. రెండు పాదాల మధ్య గుడ్డ అడ్డం పెట్టి గిన్నెను అదిమి పట్టుకుని తెడ్డుతో గెలకడం మొదలుపెట్టింది. భుజం నుంచి నడుము దాకా ఆ తెడ్డుతో పాటే కదులుతోంది. ఉండలు విరిగి నున్నగా వచ్చాక తడిచేత్తో ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి నెయ్యి వేసింది. పక్కన పుంటికూర పప్పు, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిబిండి. అబ్బ ఒక ముద్ద తిని చాలన్నాడు. ఒకినావాలో పెద్దవాళ్లు కడుపు పదిలో ఎనిమిది పాళ్లు నిండగానే ఆపాలంటారు. ఈ ఊళ్లో ఆపడం ఎవరూ చెప్పి నేర్పింది కాదు. ముద్దలు లెక్కపెట్టి చేసేవాళ్లు, ఇంకోటి ఉండేది కాదు.

అప్పుడే ఆయన్ని తోడబుట్టినవాళ్ల గురించి అడిగాను. "మేము ఎనిమిది మందిమి. మిగిలింది ముగ్గురము. తక్కినోళ్లు చిన్నప్పుడే పాయిరి. ఒకరు అమ్మవారు పోసి, ఒకరు వాంతులు బేదులై..." మిగతావాళ్ల సంగతి ఆయనకు గుర్తులేదు. ఆ ఎనిమిది మందీ ఒకే సట్టిలో సంగటి తిన్నవాళ్లు. నా మనసులో ఉన్న రాగుల లెక్క అక్కడే తప్పింది. స్వాతంత్ర్యం వచ్చే నాటికి మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏళ్ల దగ్గర ఉండేది. అంటే అందరూ ముప్పై రెండేళ్లకే పోయారని కాదు. పిల్లలు అంతమంది పోయారని. ఇప్పుడది 70 దగ్గరికి వచ్చింది. టీకాలు, మంచినీళ్లు, ఆస్పత్రి కాన్పులు తెచ్చిన ఏళ్లే అందులో ఎక్కువ. అబ్బ మన కళ్లెదుట ఉన్నాడు కాబట్టి ఆయన తిన్నది కనబడుతుంది. అదే తిని పోయిన ఐదుగురిని అడిగేవాళ్లు లేరు.

"మా వంశమే గట్టిది," అని ఆయన తమ్ముడి మాట. 1870 నుంచి 1900 దాకా పుట్టిన డెన్మార్క్ కవల పిల్లల్ని తీసుకుని 1996లో లెక్క చూస్తే ఆయుష్షులో తేడాలకు వంశం వాటా దాదాపు పావు వంతే తేలింది.

సాయంత్రం వేపమాను కింద రచ్చకట్ట మీద ఏడెనిమిది మంది పెద్దవాళ్లు చేరారు. అబ్బ చోటు ఖాళీగా ఉంచి అటూ ఇటూ కూర్చున్నారు. ఒకాయన రాకపోతే పిల్లోణ్ణి పంపి కనుక్కున్నారు. ఒకినావాలో చిన్నప్పటి నుంచి ఒకరికొకరు తోడుండే 'మొఆయి' జట్ల గురించి చాలా గొప్పగా చదివాను. మన కట్ట గురించి అంత ప్రేమగా ఎవరైనా రాస్తే బాగుండు.

కదిరి వైపు, జనవరి 21

తిమ్మమ్మ మర్రిమాను చూడకుండా వస్తే మా అమ్మ ఊరుకోదు. దాదాపు ఐదెకరాలు పరుచుకున్న చెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. పిల్లల కోసం మొక్కుకునే జంటలు ముడుపులు కడుతున్నారు. ఊడల కింద ఒక అవ్వ దగ్గర ఉడకబెట్టిన చెనిక్కాయలు కొన్నాం. ఇరవై రూపాయలకు రెండు చేతుల నిండా పోసింది, పైన కొసరు కూడా.

ఆ అవ్వే పక్క పల్లెకు పొమ్మంది. "ఆ ఊరోళ్లు నడుములు పోయి యాభైకే ముసిలోళ్లు అయినారు," అని. వెళ్లి చూస్తే నిజమే. యాభై ఐదేళ్ల మనిషి గోడ పట్టుకుని నిలబడ్డాడు. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు. లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. అది ఏళ్ల తరబడి దాటితే ముందు పళ్లు, తర్వాత ఎముకలు, కీళ్లు బిగుసుకుంటాయి. నికోయాలో నేల నుంచి వచ్చే సున్నపు నీళ్లే అక్కడివాళ్ల ఎముకలకు బలమని చెబుతారు. ఇక్కడ నేల నుంచి వచ్చిన నీళ్లే మనిషిని వంచేశాయి. దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఇదొకటి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. చెరువులు ఎండి బోర్లు లోతుకు పోయేకొద్దీ ఈ బాధ పెరిగింది.

1990ల మధ్యలో పుట్టపర్తి ట్రస్టు పైపులైన్లు వేసి ఉమ్మడి జిల్లాలో 700కు పైగా ఊళ్లకు తాగునీళ్లు తెచ్చింది. ఈ ఊళ్లో ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. ఒకామె తన కొడుకును పిలిచి, నోరు తెరిపించి మరీ చూపించింది. ఆమె నోరు మాత్రం కొంగుతో మూసుకుంది.

కడప, రాయచోటి వైపు, జనవరి 22

కడపలో పొద్దున కారం దోశ. పెనం మీదే దోశకు ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి ఇస్తారు. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే పక్క టేబులాయన అడక్కుండానే తన గ్లాసులో మజ్జిగ నా వైపు జరిపాడు. దోశలు, టీలు కలిపి ఇద్దరికీ 160 అయింది. పెద్ద దర్గాకు వెళ్లి వచ్చి రాయచోటి దారి పట్టాం.

ఈ వైపు ఊళ్లల్లో కువైట్ వెళ్లని ఇల్లు తక్కువ. మేము వెళ్లిన ఇల్లు రెండంతస్తులు, గ్రానైట్ మెట్లు, ఏసీ. లోపల ఇద్దరే, భార్యాభర్తలు, ఇద్దరూ డెబ్బై ఐదు దాటినవాళ్లు. కొడుకులిద్దరూ కువైట్‌లో. మందులకు, తిండికి లోటు లేదు. బీపీ మెషిన్ ఇంట్లోనే ఉంది. "దినామూ ఫోన్ జేస్తారమ్మా, మొగాలు సూస్తాము," అని పెద్దాయన అన్నాడు. ఆయన గేటు దాటి నెల పైనే అయిందని తర్వాత ఆమె చెప్పింది. ఎదురింటి రేకుల షెడ్డులో ఒక ముసలామె ఉంది. మేము ఉన్న కాసేపట్లోనే పాలు తెచ్చిన పిల్ల, చీటీ డబ్బులకొచ్చిన ఆమె, ఊరికే వచ్చి కూర్చున్న ఇంకో ఆమె, ఇలా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. మేము వెళ్లిన ఇంటి పెద్దామె కూడా పొద్దునా సాయంత్రం అక్కడికే పోతుంది. పెద్దాయన పోడు.

2010లో జూలియన్ హోల్ట్‌లన్‌స్టాడ్ అనే అమెరికా పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు 148 అధ్యయనాలు కలిపి చూశారు. మూడు లక్షల మందికి పైగా లెక్క అది. నలుగురితో గట్టి సంబంధాలు ఉన్నవాళ్లు ఆ అధ్యయనాలు నడిచిన కాలంలో బతికి ఉండే అవకాశం లేనివాళ్ల కంటే సగం ఎక్కువని తేలింది. ఆ పెద్దాయనకు నెలకు ఎంత పంపుతున్నారో కొడుకులు లెక్క చెప్పగలరు. ఆయన ఎంతమందితో మాట్లాడుతున్నాడో వాళ్లు అడగాలని నాకు చాలా అనిపించింది. లేచి వస్తుంటే ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒక ముద్ద తినకుండా ఎట్ల పోతారు?" అలసంద వడలు, కోడికూర, మళ్లీ సంగటి. తినే వచ్చాం.

బేతంచెర్ల దారి, జనవరి 23

బనగానపల్లె దాటాక రోడ్డు పని జరుగుతోందని పక్కదారికి మళ్లించారు. ఆ దారి తప్పి తిరిగి తిరిగి నాపరాళ్ల పాలిష్ యూనిట్ల మధ్యలో తేలాం. చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. టీ కొట్టు దగ్గర ఒకాయన తువ్వాలతో మొహం తుడుచుకుంటుంటే తెల్లటి పొడి కిందికి రాలింది. చూస్తే అరవై అనిపించాడు, వయసు 46. పని దిగాక బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని వాళ్ల నమ్మకం. ఆయన జేబులో కాగితంలో చుట్టిన బెల్లం ముక్క ఉంది. రాతి దుమ్ములో సిలికా ఉంటే అది ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు, బెల్లానికి కూడా లొంగదు. రాయి కోసేటప్పుడు నీళ్లు వదలడం, దుమ్ము పీల్చే యంత్రం, సరైన మాస్కు, ఇవే మందు. ఈ వీధిలో బాగా పెద్దవాళ్లు ఎవరని అడిగితే, "రాళ్ల పని జేసినోళ్లల్లోనా?" అని తిరిగి అడిగాడు.

ఆదోని, పత్తికొండ మధ్య ఒక ఊరు, జనవరి 24, 25

జనవరి నుంచి ఈ వైపు ఊళ్లకు తాళాలు పడతాయి. జనం సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోతారు. లారీలు, ఆటోల నిండా బియ్యం మూటలు, గిన్నెలు, చంటిపిల్లలు. మేము వెళ్లిన ఊళ్లో వీధి వీధంతా తాళాలే, అరుగుల మీద ముసలివాళ్లు, వాళ్ల చుట్టూ మనవళ్లు. నెలకు 4,000 రూపాయల పింఛను ఒకటో తేదీన ఇంటికే వస్తుంది. ఆ డబ్బుతో బడికి పోయే పిల్లలకు ముసలామె ఇల్లు నడుపుతోంది. "పింఛను వచ్చినాంక మాటకు విలువ వచ్చె," అని ఒక అవ్వ అంది. జొన్నరొట్టె తడుతూనే మాట్లాడింది. చెయ్యి ఆగకుండా రొట్టె గుండ్రంగా తిరుగుతూ పల్చబడుతుంటే చూస్తూ కూర్చున్నాను. వేడిరొట్టె, ఉల్లికారం, ఇంత పప్పు పెట్టింది.

ఈ ఊళ్లో మాకు దారి చూపించింది ఆశా కార్యకర్త. ఎవరింట్లో ఎవరున్నారో ఆమె నోట్‌బుక్‌లో ఉంది. పెద్దవాళ్లను చూపించమంటే ఊళ్లో నాలుగిళ్లకు తీసుకెళ్లింది. కరువు లెక్కలు, పెండ్లి లెక్కలు వేసి చూస్తే అందరూ ఎనభై పైనే. తర్వాత ఎస్సీ కాలనీకి పోదామన్నాను. అక్కడ అందరికంటే పెద్దామెకు ఎంత కలిపినా డెబ్బై రెండు దాటలేదు. ఆమె పొయ్యి మీద కూడా జొన్నరొట్టే ఉంది. రోట్లో ఉల్లికారమే ఉంది.

ఒక్క ఊరిని చూసి తేల్చేయకూడదని నాకు తెలుసు. కానీ దీని మీద పెద్ద లెక్కే ఉంది. సంగీతా వ్యాస్, ఆమె తోటి పరిశోధకులు తొమ్మిది రాష్ట్రాల సర్వేలు చూసి 2022లో అచ్చు వేశారు. మన రాష్ట్రం అందులో లేదు. పై కులాల హిందువుల కంటే ఆదివాసులు నాలుగేళ్లకు పైగా, దళితులు మూడేళ్లకు పైగా తక్కువ బతుకుతున్నారు. ముస్లింలు దాదాపు ఏడాది తక్కువ. ఆస్తిపాస్తులు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. డబ్బు ఒక్కటే కాదన్నమాట. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో మైకేల్ మార్మట్ అనే పరిశోధకుడు చూసింది కూడా ఇలాంటిదే. అక్కడ ఆకలి చావులు లేవు, అందరికీ జీతాలున్నాయి, ఒకే ఊరు. అయినా అట్టడుగు హోదాలో ఉన్నవాళ్ల చావులు పై హోదా వాళ్ల కంటే మూడింతలు. మెట్టు మెట్టుకూ తేడా ఉంది.

ఆశా కార్యకర్తకు ఈ అధ్యయనాలేవీ తెలియవు. కాలనీలో డెబ్బై చేరకుండా పోయినవాళ్ల గురించి మాత్రం తన నోట్‌బుక్ తెరవకుండానే చెప్పింది. ఒకాయన రాత్రి చేనుకు నీళ్లు కట్టబోయి పాము కరిచి, బండి దొరికేసరికి తెల్లారింది. ఇద్దరు టీబీతో పోయారు, మందు సగంలో ఆపి సుగ్గికి పోయినవాళ్లే. ఒకాయనకు బీపీ ఉందని పక్షవాతం వచ్చేదాకా తెలీదు. ఒకామె మిరపచేలో ఎండకు కూలిపోయింది. "ఊళ్లోవోళ్లకు చేను ఉండాది, గ్యాపు ఇచ్చి పని జేస్తారు. ఈళ్లు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవల్ల," అంది. నేను ఈ తిరుగుడులో విన్న కారణాలన్నిటిలో నాకు సరిగ్గా తగిలింది ఈ మాటే. సుగ్గి మూడు నెలలు, కాలనీలో బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు పద్నాలుగు మంది. వాళ్లకు మాత్రలు మాత్రం ఒక్క నెలకే ఇస్తారు. ఆ నెల మాత్రలు అయిపోయాక వాళ్లు ఏం వేసుకుంటారని ప్రతి ఏడాదీ అడుగుతున్నానంది.

మేము కూర్చుని ఉండగానే ఒకామెకు ఫోన్ చేసింది. అటునుంచి గాలి, మిరపఘాటుకు దగ్గులు. "మాత్రలు అయిపోయినాయి అక్కా, ఈడ యాడ అడగల్లో తెలీదు," అని వినబడింది. ఆ చేను ఏ ఊరి దగ్గరుందో రాసుకున్నాను. హైదరాబాద్ వచ్చాక గుంటూరులో తెలిసిన నర్సు ద్వారా దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం నంబరు, అక్కడి ఆశా కార్యకర్త నంబరు సంపాదించి పంపాను. ఏ ఊరి రేషన్ కార్డున్నా బీపీ మాత్రలు ఇస్తామని అక్కడివాళ్లు చెప్పారు. మొన్న మాకు దారి చూపించిన ఆశా కార్యకర్త నుంచి మెసేజ్ వచ్చింది: ఆరుగురికి అందాయి, ముగ్గురి ఫోన్లు కలవడం లేదు, మిగిలిన ఐదుగురు ఏ చేలల్లో ఉన్నారో మేస్త్రీని అడుగుతున్నాను, ఇంకో రెండు మండలాల నంబర్లు కావాలి అని. అవి వెతుకుతున్నాను.